లేని బాబీ

ఆపరేటరు అన్నది ఆయన పేరు కాదు, ఉద్యోగం. ఉద్యోగం పోయి చాలా కాలమైనా ఆ పిలుపు మాత్రం ఆయన్ని వదల్లేదు. వీధిలో అందరికీ ఆపరేటరుగారే. కరెంటు బిల్లు తెచ్చే మనిషి కూడా "ఆపరేటరుగారిల్లు ఇదేనా" అనే అడుగుతాడు. తమ్ముడొక్కడే అన్నయ్యా అని పిలుస్తాడు, అదీ ట్యాంకరు లారీ దిగి ఇంట్లో ఉన్న రోజుల్లో.

పసితనంలో వచ్చిన జ్వరం ఆయన చూపు పట్టుకుపోయింది. రంగులెలా ఉంటాయో గుర్తుపెట్టుకునే వయసు కూడా కాదది. అందుకని ఆ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే, నాకు తెలియని వస్తువు పోయిందని నేనెలా ఏడవను అనేవాడు, కొంచెం మొహమాటంగా.

ఓ పెద్ద రవాణా కంపెనీలో టెలిఫోను బోర్డు ముందు కూర్చునేవాడు. ఎక్కడెక్కడి గోడౌన్ల నుంచో, దారిలో ఆగిపోయిన లారీల నుంచో ఫోన్లు వచ్చేవి. అవతలి మనిషి హలో అనకముందే, ఊపిరి తీసుకునే తీరును బట్టి ఎవరో పోల్చుకునేవాడు. ఒకరికి రావాల్సిన ఫోను ఇంకొకరికి కలిపిన మచ్చ ఆయన మీద లేదు. కొన్నాళ్లకు 'ఒకటి నొక్కండి, రెండు నొక్కండి' అని చెప్పే యంత్రం వచ్చి బోర్డుని, దానితోపాటు ఆయన్ని ఇంటికి పంపేసింది. పంపుతూ పంపుతూ కంపెనీవాళ్లు, తాము ఎలాగూ మార్చేస్తున్న కంప్యూటర్లలోంచి ఒకటి ఆయనకు కానుకగా ఇచ్చారు. అది వచ్చేటప్పటికే పాతది.

అంధుల బడిలో తనతో చదివిన స్నేహితుడొకడు అందులో చదివే గొంతు పెట్టిపోయాడు. తెర మీద ఏముంటే అది చదువుతుంది, ఏ మీట నొక్కితే ఆ అక్షరం పలుకుతుంది. ఆపరేటరు దానితో టైపింగు పట్టేశాడు. ఓ లాయరు ఆఫీసువాళ్లు, పనిలో దెబ్బలు తగిలిన కార్మికుల మాటలూ సాక్షుల మాటలూ రికార్డు చేసి పెన్‌డ్రైవులో ఇస్తే, విని టైపు చేసి ఇవ్వడం ఆయన పని అయింది. దగ్గు వినిపిస్తే దగ్గు అని కొడతాడు. మాట మధ్యలో ఆగితే ఆగినట్టే చుక్కలు పెడతాడు. ఒక్క అక్షరం కలపడు, ఒక్క అక్షరం తీయడు. లాయరమ్మకి ఆయన చెవి మీద ఎంత గురి అంటే, ఆయన ఇచ్చిన కాగితాలను మళ్లీ రికార్డుతో పోల్చి చూసేది కాదు.

కొత్త కంప్యూటరు కొనుక్కోమని తమ్ముడు అంటూనే ఉండేవాడు. కొత్తవాటిలో ఆ గొంతు ఎక్కదు. వాటిలో వచ్చే గొంతు మరీ తియ్యగా, ఏదో అమ్మజూపుతున్నట్టు ఉంటుందని ఆపరేటరు ఒప్పుకోలేదు.

ఆ ఇంట్లో మూడో మనిషి తమ్ముడి భార్య. ఆమె రెడీమేడ్ బట్టల దుకాణంలో ఆల్టరేషన్ చేస్తుంది. పొడుగు ప్యాంట్లు కత్తిరించడం, వదులు నడుములు బిగించడం, జిప్పులు మార్చడం. ఇంటికొచ్చాకా కుట్టు మిషనే. ఆమెకీ బావగారికీ తగాదా అంటూ ఏమీ లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన, "నువ్వు మిషను తొక్కుతావు కదూ అమ్మా, కుడికాలు నొక్కి నడుస్తున్నావు" అన్నాడు. ఆయన దాన్ని పరిచయం అనుకున్నాడు. ఆమె సిగ్గుతో చితికిపోయింది. ఆ రోజు నుంచీ ఆయన గది ముందు పిల్లిలా నడవడం మొదలుపెట్టింది. ఏం చెప్పాలన్నా భర్త చేత చెప్పించేది. భర్త ట్రిప్పు మీద ఉంటే గోడకో తలుపుకో చెప్పేది. "అన్నం వడ్డించాను" అని గుమ్మానికీ, "పాలు అయిపోయాయి" అని ఫ్రిజ్జుకీ. ఆపరేటరు కూడా "సరే, తెప్పిద్దాం" అని గాల్లోకే జవాబిచ్చేవాడు. అలా ఆ ఇంటి గోడలకు బోలెడు విషయాలు తెలుసు.

ఆ రోజు దుకాణానికి సెలవు. తమ్ముడు ట్రిప్పు మీద ఉన్నాడు. పొద్దున్న ఫలహారం అయ్యాక ఆపరేటరు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పనికి కూర్చున్నాడు. చేతిలో ఉన్నది ఓ బట్టల ఫ్యాక్టరీ కేసు. ఇస్త్రీ బల్ల దగ్గరి ఆవిరి గొట్టం పగిలి ఒకామె చెయ్యి కాలిపోయింది. ఆమె పక్క మిషను మీద పనిచేసే ఆవిడ సాక్షి. సాక్షి మాటల్లో మొదటి సగం అంతకుముందే టైపు చేసి ఇచ్చేశాడు. రెండో సగం రికార్డు కంప్యూటరులోకి ఎక్కించి పెట్టుకున్నాడు. మర్నాడు కాగితాలన్నీ కోర్టుకి వెళ్లాలి.

చదివే గొంతు ఒక మాట సగంలో ఉండగా ఆగిపోయింది.

మీటలు నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. చెయ్యి చాచి కంప్యూటరు డబ్బా మీద పెట్టి చూస్తే ఫ్యాను తిరుగుతూనే ఉంది, డబ్బా వెచ్చగానే ఉంది. హెడ్‌ఫోన్ల వైరు ఊడదీసి పక్క యూఎస్‌బీ పోర్టులో గుచ్చాడు. ఇంకో దాంట్లో గుచ్చాడు. వెనకవైపువన్నీ, ముందువైపువి రెండూ అయ్యాయి. బటను నొక్కి పట్టుకుని ఆపేసి మళ్లీ వేశాడు. లేచేటప్పుడు డబ్బా ఎప్పటిలాగే కుయ్యిమంది. ఆ తర్వాత రావాల్సిన గొంతు రాలేదు.

పాడైంది హెడ్‌ఫోన్లా, ఇంకేమైనానా అన్నది ముందు తేలాలి. అది తేలాలంటే కళ్లు కావాలి.

"అమ్మా, ఒకసారి ఇలా వస్తావా" అని పిలిచాడు.

వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడు. కాసేపటికి గుమ్మం దగ్గర బట్టల అలికిడి. "పిలిచారేమోనని" అంది మరదలు, తలుపుతో.

"కీబోర్డు మీద కుడివైపు పైన చిన్న లైటు ఉంటుందట. ఈ మీట నొక్కుతాను. వెలుగుతోందేమో చూడు."

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"నొక్కినప్పుడల్లా ఒకసారి వెలగాలి, ఒకసారి ఆరాలి."

"వెలగందే ఆరడం ఎలా తెలుస్తుంది" అనేసి, ఆమె నాలిక కరుచుకున్నట్టు ఆగిపోయింది. అన్నం, పాలు, గ్యాసు కాని మాట ఆమె నోటి నుంచి ఆయన వినడం అదే మొదలు. ఆ సంగతి గమనించి కూడా గమనించనట్టే ఊరుకున్నాడు.

సొరుగులో ఎప్పుడూ వాడని మౌసు ఒకటి ఉంటే తీసి గుచ్చాడు. దాని పొట్ట కింద ఎర్రగా వెలగాలి. వెలగలేదని ఆమె చెప్పింది.

"అయితే కీబోర్డు పాడవలేదు, హెడ్‌ఫోన్లూ పాడవలేదు. మూడూ కట్టగట్టుకుని ఒకేసారి పాడవడానికి వాటికేం చుట్టరికం? ఈ యూఎస్‌బీ పోర్టులకే ఏదో వచ్చింది."

"మరి ఇప్పుడెలా?" ఈసారి తలుపుని కాదు, ఆయన్నే అడిగింది.

ఆ కంప్యూటరుతోపాటు కంపెనీవాళ్లు ఇచ్చిన గుండ్రటి పిన్ను కీబోర్డు, రెండు చిన్న స్పీకర్లు అటక మీద అట్టపెట్టెలో ఉండాలి. వాటికి యూఎస్‌బీతో పనిలేదు. మరదలు స్టూలు ఎక్కి దించింది. తుడిచింది. కంప్యూటరు ఆపాక ఆయన వెనక్కి వంగి వేళ్లతో తడిమాడు.

"గుండ్రటివి రెండున్నాయి. కీబోర్డుది ఊదా రంగులో ఉంటుందట. ఏది ఊదా?"

"పైది ఆకుపచ్చ. కిందది ఊదా అనే అనుకోవాలి, బాగా మాసిపోయింది."

"స్పీకర్లది మాత్రం ఆకుపచ్చే. పైనున్న ఆ ఆకుపచ్చ కాదు, కింద సన్న బెజ్జాలు మూడుంటాయి, వాటిలో."

"ఇన్ని రంగులు మీకెలా గుర్తున్నాయి బావగారూ?"

"నాకు రంగులు తెలియవమ్మా. వాటి పేర్లు తెలుసు."

కంప్యూటరు వేశారు. స్పీకర్లు గరగరమని, ఆ తర్వాత చదివే గొంతు ఇల్లంతా వినిపించేలా మొదలుపెట్టింది. మెట్ల మీద గోలీలు దొర్లినట్టు గబగబా ఏదో అనేసింది.

"ఇది తెలుగేనా?" అంది మరదలు.

"తెలుగే. కొంచెం తొందరలో ఉంటుంది." ఆయన మీటలు నొక్కి ఆ గొంతు వేగం తగ్గించాడు. అది మనిషిలా నింపాదిగా 'కీబోర్డు సిద్ధం' అంది.

పోర్టుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పని పూర్తి చేయాలనుకున్నాడు. మరదలు పక్క గదిలో మిషను ముందు కూర్చుంది. ఆయన గొంతు వేగం మళ్లీ పెంచలేదు. ఎదుట మనిషి ఉన్నప్పుడు తగ్గించినదాన్ని, వెళ్లగానే పెంచడం మర్యాదగా అనిపించలేదు. రికార్డు విన్నాడు, టైపు చేశాడు. చివరికి అలవాటు ప్రకారం కొట్టినదంతా మొదటి నుంచి చదివించుకున్నాడు.

"బాబీకి మాటిమాటికీ అయిపోతుంది" అని చదివింది గొంతు. "అప్పుడు కూడా బాబీని మార్చడానికే లేచాను. నేను సీటులో లేను కాబట్టి ఆవిరి నా మీద పడలేదు. పక్కామె చెయ్యి కాలింది."

పక్క గదిలో మిషను ఆగింది.

"ఆ బాబీ ఎవరు బావగారూ?" గుమ్మంలోకి వచ్చి అడిగింది మరదలు.

"ఆవిడ కొడుకై ఉంటాడు. పనిలోకి వెంట తెచ్చుకున్నట్టుంది. ఇవి బయట ఎవరికీ చెప్పకూడదు సుమా."

"చెప్పను గానీ, మాటిమాటికీ అయిపోవడమేమిటి?"

"పసివాడు కదా మరి" అన్నాడు ఆపరేటరు, అంతకంటే విడమరచలేక. "గుడ్డలు మార్చాలిగా."

గుమ్మంలోంచి ఓ చప్పుడు, అరచేత్తో నోరు నొక్కి పట్టుకున్నా ఆగక తప్పించుకొచ్చిన నవ్వు. అలాంటిది ఆయన ఆ ఇంట్లో అంతకుముందు వినలేదు.

"పసివాడు కాదు బావగారూ. బాబిన్. మిషను అడుగున చిన్న చక్రం ఉంటుంది, కింది దారం దానికి చుట్టుకుని ఉంటుంది. దారం అయిపోతే తీసి ఇంకోటి పెట్టాలి. మందం బట్ట కుడుతుంటే మరీ తొందరగా అయిపోతుంది. పొద్దున లేస్తే నాకదే పని."

ఆపరేటరు రికార్డు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. సాక్షి గొంతు వెనక ఏదో రోడ్డు, హారన్లు. బాబీ అనే వినిపించింది. మళ్లీ పెట్టాడు. బాబీయే. ఇంకోసారి పెట్టినప్పుడు మరదలు సాక్షితోపాటు మెల్లగా అంది: "బాబిన్ మాటిమాటికీ అయిపోతుంది. బాబిన్ని మార్చడానికే లేచాను."

అంతే, ఇక అలాగే వినిపించింది. ఎన్నిసార్లు పెట్టినా బాబీ మళ్లీ రాలేదు. ఇంకొకటి కూడా వినిపించింది. సాక్షి ఎక్కడా 'కి' అనలేదు. బాబీ అన్నాక అయిపోతుంది అంటే అతకడం లేదని, ఆవిడ మింగేసి ఉంటుందిలెమ్మని, 'బాబీకి' అని ఆయనే కలిపి కొట్టాడు. కలిపినట్టు కూడా ఆయనకు గుర్తులేదు.

కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక్క అక్షరంతో ఓ పసివాణ్ణి పుట్టించాడు. ఆ పసివాణ్ణి ఫ్యాక్టరీలో పడేసి, పని వదిలి వాడికి గుడ్డలు మార్చే తల్లిని చేశాడు సాక్షిని. మొదటి సగంలోనూ రెండు చోట్ల బాబీ ఉన్నాడు. అది లాయరమ్మ బల్ల మీద ఉంది.

రెండో సగం దిద్ది, మొదటిదాని గురించి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. మరదలు గుమ్మంలోంచి కదల్లేదు. ఆయన ఫోను కోసం చెయ్యి చాచాడు.

"ఆపరేటరుగారూ, మంచి టైములో చేశారు" అంది లాయరమ్మ. "మీరిచ్చిన మొదటి సగం చూశాక ఆవిణ్ణి సాక్షిగా తీసేద్దామనుకుంటున్నాం. ఫ్యాక్టరీలోకి పిల్లాణ్ణి తెచ్చిందంటే అవతలివాళ్లు దాన్నే పట్టుకుంటారు. కనుక్కుందామంటే ఆవిడ ఫోను కలవడం లేదు."

"పిల్లాడు లేడండీ."

"లేడా?"

"లేడు. అది బాబిన్. కుట్టు మిషనులో దారం చుట్టే చక్రం. పొరపాటు నాది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఇది మీరు విన్నారా, అనుకున్నారా?"

"అప్పుడు అనుకున్నానండీ. ఇప్పుడు విన్నాను."

లాయరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. సాయంత్రం ఆఫీసు మూసేలోగా రెండు సగాలూ దిద్ది తెచ్చిస్తే సాక్షిని ఉంచుతామంది. ఈసారి రికార్డు పక్కన పెట్టుకుని చదువుతానని కూడా అంది.

దిద్దడం ఎంతసేపు. దిద్దినదాన్ని ఇల్లు దాటించడమే కష్టం. ఆ కంప్యూటరుకి ఇంటర్నెట్టు లేదు. పెన్‌డ్రైవు గుచ్చాలంటే యూఎస్‌బీ పోర్టు కావాలి.

ఇప్పుడు గొంతు ఉంది కాబట్టి, కంప్యూటరు లోపలి పరికరాల జాబితాలోకి వెళ్లి ఒక్కొక్కటీ చదివించుకున్నాడు. యూఎస్‌బీకి సంబంధించినవి ఒక్కొక్కటే తీసేసి కంప్యూటరు మళ్లీ వేశాడు. అది వాటిని తిరిగి తెచ్చుకుంది గానీ మరదలు చూస్తే మౌసు పొట్ట కింద వెలుగు లేదు. అప్పుడు టెలిఫోను బోర్డు బాగుచేసే మెకానిక్కు పూర్వం చేసే పని ఒకటి ఆయనకు తట్టింది. బోర్డు మొండికేస్తే అతను ప్లగ్గు పీకేసి, కాసేపు పస్తు పెట్టండి అనేవాడు. ఆపరేటరు గోడకున్న ప్లగ్గు పీకి, లోపల మిగిలిన కరెంటు కూడా పోయేలా డబ్బా బటను చాలాసేపు నొక్కి పట్టుకున్నాడు. తర్వాత ప్లగ్గు పెట్టి వేశాడు.

"వెలిగింది" అంది మరదలు. "మౌసు వెలిగింది బావగారూ. కీబోర్డు పెట్టండి. అదీ వెలిగింది. ఆరింది. వెలిగింది."

ఆయన పెన్‌డ్రైవు తీసి, ఎప్పటిలాగే డబ్బా ముందువైపు గుచ్చాడు.

"ఆరిపోయాయి" అంది ఆమె.

మళ్లీ పస్తు పెట్టారు. మళ్లీ వెలిగాయి. ఈసారి ఏదీ గుచ్చకముందే, ఆమె బల్లకు ఆనుకోగానే డబ్బా కదిలి అన్నీ ఆరిపోయాయి.

"ముందువైపు గుచ్చితే పోయింది, కదిలినా పోతోంది" అన్నాడు ఆపరేటరు. "ఆ ముందువైపు పోర్టుల్లో ఏదో తగలకూడనిది తగులుతోంది. తగిలిన ప్రతిసారీ కంప్యూటరు భయపడి అన్నిటికీ కరెంటు కట్టేస్తోంది. టార్చి ఉందా?"

ఆమె బల్ల ముందు వంగి ఫోను లైటు వేసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఒకటి బాగానే ఉంది. లోపల నాలుక మీద బంగారు రంగు రేకులు వరసగా పడుకుని ఉన్నాయి. రెండోదాంట్లో నాలుక సగం విరిగింది. రేకొకటి పైకి లేచి డబ్బా అంచుకి తగులుతోంది. పళ్లు ఒరిగిన జిప్పులా ఉంది."

"నా చేతి పనే" అన్నాడాయన. "గుచ్చి చూస్తాను. పోకపోతే తిప్పి గుచ్చుతాను. అదీ పోకపోతే మళ్లీ మొదటిలాగే గుచ్చుతాను."

"అందరూ అంతే బావగారూ. మా దుకాణం కంప్యూటరుకి మా ఓనరూ అదే చేస్తాడు, కళ్లజోడు పెట్టుకుని మరీ."

ప్లగ్గు పీకించి, ఆమె సూదితో ఆ రేకుని మెల్లగా కిందికి నొక్కింది. నొక్కినంతసేపు పడుకుని, వదలగానే లేచింది. "ఇది మాట వినే రకం కాదు" అంది.

ఇక మిగిలింది ఆ ముందు పోర్టులకు లోపలి నుంచి వచ్చే వైరునే ఊడబీకడం. కుట్టు మిషను స్క్రూడ్రైవరుతో ఆమె పక్క మూత విప్పింది. లోపలి దుమ్ముకి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. "ముందు ఇనప డబ్బాని ముట్టుకో, ఒంట్లో కరెంటుంటే పోతుంది" అని చెప్పి, తనూ ముట్టుకున్నాడు. వేళ్లతో ముందు పోర్టుల వెనక నుంచి వైరు పట్టుకుని, అది పోయిన దారినే పోయి, మదర్‌బోర్డు అనే పెద్ద పలకకు గుచ్చుకున్న చోట ఆగాడు.

"ఇక్కడ ఏం రాసుంది?"

"చీమ తలకాయంత ఉంది. యు... ఎస్... బి. పక్కన ఏదో అంకె."

"దీనికి పక్కనున్న వైరు?"

"దానికి ఇంకేదో పేరు. దాని జోలికెళ్లకండి. మీ చూపుడు వేలు కింద ఉన్నదే."

మెల్లగా అటూ ఇటూ ఆడించి లాగాడు. మొండికేసినట్టే వేసి ఊడొచ్చింది. మూత పెట్టి, ప్లగ్గు పెట్టి వేశారు. వెనకవైపు గుచ్చిన మౌసు, కీబోర్డు వెలిగాయి. మరదలు బల్లని చేత్తో ఊపింది. ఇంకా గట్టిగా ఊపింది. ఆరలేదు. ఆయన పెన్‌డ్రైవు వెనకవైపు గుచ్చితే, గొంతు దాని పేరు చెప్పింది. ఆ ముందు పోర్టుల మీద ఆమె ఓ నల్ల గుడ్డ పట్టీ అంటించింది, పొరపాటున చెయ్యి పోకుండా.

రెండు సగాలూ దిద్దాడు. మిషను మాటలు వచ్చిన చోటల్లా ఆపి ఆమెను అడిగాడు. ఒక చోట సాక్షి, కాలు ఎత్తి గుడ్డ తీశాను అంది. ఆయన అలాగే కొట్టాడు గానీ, మనిషి కాలు ఎత్తి గుడ్డ ఎందుకు తీస్తుందో తెలియక లోపల్లోపల ఇబ్బంది పడుతూనే ఉన్నాడు.

"అది సరిగ్గానే కొట్టారు" అంది మరదలు. "కాలంటే మిషను కాలు. గుడ్డని నొక్కి పట్టేది."

ఇద్దరూ బస్సులో లాయరు ఆఫీసుకి వెళ్లారు. ఆయన కర్ర, ఆమె చేతిసంచీ. మెట్లెక్కేటప్పుడు ఆమె మోచెయ్యి ఇచ్చింది, ఆయన పట్టుకున్నాడు. లాయరమ్మ కాగితాలు ప్రింటు తీయించి, రికార్డు వింటూ చదివి, తల ఎత్తింది.

"బాబిన్ మార్చడానికి సీటులోంచి లేవాలా? కూర్చునే మార్చుకోవచ్చు కదా?"

ఆపరేటరు మరదలి వైపు తిరిగాడు.

"పక్కన ఇంకోటి చుట్టి పెట్టుకుంటే లేవక్కర్లేదండీ" అంది మరదలు, కొంచెం తడబడి. "ఫ్యాక్టరీల్లో ఒక్కోసారి ఒకటే ఇస్తారు. అయిపోతే స్టోరు దగ్గరికెళ్లి ఖాళీది ఇచ్చి నిండింది తెచ్చుకోవాలి. నేను పెళ్లికి ముందు అలాంటి చోటే చేశాను. ఆవిడ దానికే వెళ్లుంటుంది."

లాయరమ్మ అది రాసుకుంది. సాక్షిని తీసేయలేదు. ఆ తర్వాత కేసు ఏమైందో వాళ్లకి తెలియదు. ఆ కాలిన చెయ్యి ఎవరిదో, సాక్షి మనిషి ఎలా ఉంటుందో కూడా తెలియదు. ఆపరేటరు పని అంతే, మాటలు వస్తాయి, పోతాయి.

కొన్నాళ్లకి ట్రిప్పు ముగించి తమ్ముడు వచ్చాడు. స్నానం చేసి వచ్చేసరికి అన్నగారి గదిలో భార్య గొంతు వినిపించింది. అన్నగారు ఏదో మాట ఒకలా ఉందంటున్నాడు. ఆమె కాదు, ఇంకోలా ఉందంటోంది. ఇద్దరూ తగ్గడం లేదు. తమ్ముడు తువ్వాలు భుజం మీద వేసుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

"నేను లేనప్పుడు ఈ ఇంట్లో ఏం జరిగింది?"

"యూఎస్‌బీ పోయింది" అన్నాడు ఆపరేటరు.

తర్వాత కూడా హెడ్‌ఫోన్లు వెనక పోర్టులో బాగానే పనిచేశాయి గానీ, ఆమె ఇంట్లో ఉన్నప్పుడు ఆయన స్పీకర్లే వాడేవాడు. తనకు తెలియని పనుల మాటలు వస్తే ఇప్పుడు ఊహించడం మానేసి, చోటు ఖాళీ వదిలేవాడు. వాటిలో కొన్ని ఆమె చెప్పేది. తెలియనివి తమ్ముడో, ఎదురింటి వడ్రంగో చెప్పేవారు, అదీ మాట వరకే, ఎవరిదో ఏమిటో చెప్పకుండా. ఎవరికీ తెలియకపోతే ఖాళీ ఖాళీగానే లాయరమ్మ దగ్గరికి పోయేది. ఆయన చెవికి అది మొదట్లో నామోషీగా ఉండేది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

ఒక సెలవు రోజు ఓ గోడౌను సూపర్‌వైజరు రికార్డు వచ్చింది. నిచ్చెన విరిగి పనివాడు పడిపోయిన కేసు. నిచ్చెనని తాను వారం వారం స్వయంగా చూసేవాణ్ణని సూపర్‌వైజరు చెబుతున్నాడు. మరదలు గుమ్మం పక్కన కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతోంది.

"ఈయన అబద్ధం చెబుతున్నాడు" అంది.

"నాకూ అలాగే ఉంది" అన్నాడు ఆపరేటరు. ఫోను బోర్డు ముందు కూర్చున్న రోజుల్లో, లారీ బయల్దేరిపోయిందని చెప్పే మేనేజర్ల గొంతు అచ్చం ఇలాగే ఉండేది.

"అలాగని కొట్టొచ్చా?"

"కొట్టడానికి లేదమ్మా."

"మరి?"

ఆయన రికార్డు కొంచెం వెనక్కి తిప్పాడు. స్వయంగా అనే మాటకు ముందు సూపర్‌వైజరు గొంతు సవరించుకోవడానికి చిన్నగా దగ్గాడు. ఇద్దరూ ఇంకోసారి విన్నారు. ఆపరేటరు ఆ చోట 'దగ్గు' అని కొట్టి, కిందికి జరిగాడు.